నర్సు శిక్షణలో నమ్మకానికి చోటెక్కడ?

(తడలో నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, మహిళా సంఘాల కార్యకర్తల కోసం జరిగిన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



శిబిరం కాగితంలో నా పేరు ఎదురుగా "సంపూర్ణ ఆరోగ్య సేవ, ఆధ్యాత్మిక దృష్టి" అని వేశారు. ఆ రెండో మాట చూసి మనలో కొందరు మొహం చిట్లించి ఉంటారు. మహిళా ఉద్యమంలో ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళకు ఆ మాట మీద అనుమానం ఉండటంలో తప్పు లేదు. పాపం, పుణ్యం, కర్మ, పాతివ్రత్యం అనే మాటలతో ఆడవాళ్ళ నోరు ఎలా నొక్కారో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇంకోవైపు, ఇక్కడికొచ్చిన నర్సుల్లో కొందరు ధ్యానం, ప్రాణాయామం నేర్పిస్తారేమో అనుకుని వచ్చారు. నేర్పించను. నాకు రాదు కూడా. నేను 33 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేశాను, అందులో చివరి 12 ఏళ్ళు ట్యూటర్‌గా. నాకు తెలిసింది వార్డు. మంచం మీద పడుకున్న మనిషికి జ్వరం, బి.పి., గాయం కాక ఇంకా ఏమేం ఉంటాయో, వాటిని చూడటం నర్సుకు ఎలా నేర్పాలో, అలా చూడటం ఆ మనిషి హక్కు ఎందుకవుతుందో మాట్లాడటానికి వచ్చాను.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. "నాకే ఎందుకొచ్చింది?", "నేను పోతే పిల్లలేమవుతారు?", "నేను చేసిన దానికి ఇదేనా శిక్ష?", "ఇంతకాలం బతికి ఏం చేశాను?" ఈ ప్రశ్నలు గుడికి వెళ్ళేవాళ్ళకూ వస్తాయి, చర్చికీ మసీదుకూ వెళ్ళేవాళ్ళకూ వస్తాయి, ఎక్కడికీ వెళ్ళని హేతువాదికీ వస్తాయి. ఎక్కువగా రాత్రి రెండు గంటలకు వస్తాయి. వార్డులో దీపాలు తగ్గించాక, డాక్టరు లేనప్పుడు, తోడొచ్చిన మనిషి వరండాలో కునుకు తీస్తున్నప్పుడు. ఆ వేళ అక్కడుండేది నర్సు ఒక్కతే. నేను ఆధ్యాత్మికం అంటున్నది ఈ ప్రశ్నల గురించే. మతం అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నర్సులు రోగిలో గుర్తించాల్సిన సమస్యల జాబితాలో "ఆధ్యాత్మిక వేదన" అన్నదాన్ని అమెరికాలో 1978లోనే చేర్చారు. 1984లో ప్రపంచ ఆరోగ్య సభ, "2000 నాటికి అందరికీ ఆరోగ్యం" వ్యూహంలో ఆధ్యాత్మిక కోణం ఉందని గుర్తిస్తూ తీర్మానం చేసింది. ఆరోగ్యం అంటే శారీరక, మానసిక, సామాజిక క్షేమం అని చెప్పే నిర్వచనంలో "ఆధ్యాత్మిక" అనే మాట కలపాలని 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యవర్గం ప్రతిపాదించింది కూడా. 1999 సభలో అది ముందుకు సాగలేదు. నన్నడిగితే నిర్వచనంలో ఆ మాట లేకపోయినా పెద్ద నష్టం లేదు. నిర్వచనాలు మారితే వార్డులు మారవు. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బి.ఎస్సీ. నర్సింగ్ సిలబస్‌లో సాంస్కృతిక వైవిధ్యం, ఆధ్యాత్మికత అనే పాఠం ఉంది. పరీక్షకు ఐదు పాయింట్లు బట్టీ పట్టి వచ్చేస్తారు పిల్లలు. వార్డులోకి వెళ్ళి చూస్తే ఒక నర్సు చేతికింద నలభై మంది రోగులు. ఇంక ఆ ఐదు పాయింట్లు ఎక్కడ పెట్టుకోవాలి?

ఫ్లారెన్స్ నైటింగేల్ గురించి ఒక్క మాట చెప్పాలి. ప్రతి మే 12న ఆమె ఫొటోకు దండ వేసి, కొవ్వొత్తి వెలిగించి, త్యాగమూర్తి అని చెప్పి వదిలేస్తాం. ఆమె గట్టి దైవభక్తురాలు. 1837లో, ఇంకా 17 ఏళ్ళు నిండకముందే, దేవుడు తనను సేవకు పిలిచాడని రాసుకుంది. అంతటి భక్తురాలు 1854లో 38 మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని క్రిమియా యుద్ధానికి వెళ్ళినప్పుడు, వాళ్ళలో క్యాథలిక్ సన్యాసినులు ఉన్నారు, ఆంగ్లికన్ సిస్టర్లు ఉన్నారు, మామూలు ఆసుపత్రి నర్సులూ ఉన్నారు. ఎవరి మతాన్నీ సైనికుల మీద రుద్దకూడదన్నది అక్కడ షరతు. దాని మీద ఆమెకు ఎన్నో తగాదాలు వచ్చాయి. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరున మొదలైన నర్సింగ్ పాఠశాల కూడా ఏ మఠానికీ చెందలేదు. భక్తి ఆమెది, రోగి నమ్మకం రోగిది. ఈ రెండింటి మధ్య గీత ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ గీత చెరిగిపోయిన చోటల్లా గొడవే.

మన దగ్గర చరిత్ర ఇంకొంచెం చిక్కు. ఆంధ్ర ప్రాంతంలో ఆడవాళ్ళకు ఆసుపత్రులు, నర్సింగ్ చదువులు చాలావరకు మిషన్ల ద్వారా వచ్చాయి. గుంటూరులో అన్నా కుగ్లర్ 1898లో ప్రారంభించిన ఆసుపత్రి, నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆడవాళ్ళ ఆసుపత్రి మీకు తెలిసినవే. అప్పట్లో రక్తం, మలమూత్రాలు ముట్టుకునే పని అని పై కులాల వాళ్ళు తమ పిల్లల్ని ఈ చదువుకు పంపలేదు. క్రైస్తవం తీసుకున్న దళిత కుటుంబాల ఆడపిల్లలు ఎంతోమంది ఈ వృత్తిలోకి వచ్చారు. అంటరానివాళ్ళన్న చేతులే అందరి ఒళ్ళూ తుడిచాయి. నా దృష్టిలో ఈ దేశంలో ఆధ్యాత్మిక నర్సింగ్ అనదగ్గ పని ఏదైనా ఉంటే అది అక్కడ మొదలైంది. ఆ ఆసుపత్రుల్లో మంచం పక్కన మత బోధలూ జరిగాయి. అది నాకు ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో కూడా చెబుతాను. బజార్లో ఎవరైనా బోధిస్తే వినేవాడు వింటాడు, లేకపోతే లేచిపోతాడు. చేతికి సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచిపోలేదు. ఆ మనిషికి ప్రసంగం చేసే హక్కు ఏ మతానికీ లేదు. ఇప్పుడు పెద్దపెద్ద ఆశ్రమాల వాళ్ళు, ట్రస్టుల వాళ్ళు నడిపే ఆసుపత్రుల్లో గోడల నిండా ఒకే గురువు ఫొటోలు, స్పీకర్లలో పొద్దున్నే ఒకే భజన వింటుంటాం. వాటికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇక కాన్పుల గదికి వద్దాం. నాకు తెలిసినంతలో సంపూర్ణ సేవ అనే మాటకు అసలు పరీక్ష జరిగేది అక్కడే.

కాన్పుల గదిలో ఆడవాళ్ళు ఏం వింటారో మీకందరికీ తెలుసు. "అప్పుడు తెలీలేదా?", "అరిస్తే సిజేరియనే", "కాళ్ళు సరిగా పెట్టు". చెంపదెబ్బలు, తొడ మీద దెబ్బలు. పేదరాలైతే, యానాది అయితే, భర్త తోడు లేనిదైతే, హెచ్.ఐ.వి. ఉన్నదైతే ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో దీన్ని ఆడవాళ్ళ హక్కుల ఉల్లంఘన అని సూటిగా చెప్పింది. మన కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని రానివ్వొచ్చని చెప్పింది. 2017లో వచ్చిన లక్ష్య మార్గదర్శకాల్లో గౌరవంతో కూడిన ప్రసూతి సేవ అని రాశారు. కాగితాలన్నీ ఉన్నాయి.

కాగితం దాటి జరిగిన పని ఒకటుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదు ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాది, 2018లో, కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ సేవల కార్యక్రమం ప్రకటించింది. ఆ శిక్షణలో నేర్పే సంగతులు వింటే మీకు నవ్వు రావొచ్చు. నొప్పులు పడుతున్న ఆమెను నడవనివ్వడం, కూర్చోనివ్వడం, పక్కకు తిరిగి కనాలంటే కననివ్వడం, నడుము రాయడం, మంచినీళ్ళివ్వడం, పేరు పెట్టి పిలవడం, ఏం చేయబోతున్నామో ముందు చెప్పి అడగడం. మా మంత్రసాని ముసలమ్మ ఇవన్నీ చేసేది కదా అంటారు మీరు. నిజమే, చాలావరకు చేసేది. రక్తం పోతుంటే ఆపడం ఆమెకు రాదు, కొడవలితో బొడ్డు కోస్తే వచ్చే ధనుర్వాతం సంగతి తెలియదు. మనం ఆసుపత్రి కాన్పు అని ప్రచారం చేసి ఆ రెండోదాని నుంచి తల్లుల్ని కాపాడాం. అదే ఊపులో మొదటిదాన్ని కూడా పారేశాం. ఫలితం అంకెల్లో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తానికి 21.5. మన ఆడవాళ్ళ ఒళ్ళు దేశంలో అందరి కంటే బలహీనమని ఎవరంటారు? ముహూర్తం చూసి కడుపు కోయించుకోవడం కూడా ఇందులో ఒక కారణం. ఇదీ ఆధ్యాత్మికమే అనుకునేవాళ్ళున్నారు. నా లెక్కలో అది జాతకం వ్యాపారం, ఆసుపత్రి వ్యాపారం కలిసి చేసిన పని.

ఒక సంగతి చెబుతాను. ఊరు, ఆసుపత్రి పేరు చెప్పను. పులికాట్ మీద వేటకు పోయే కుటుంబంలోని అమ్మాయి, రెండో కాన్పు. బిడ్డ కడుపులోనే పోయింది. కాన్పయ్యాక మామూలుగా జరిగేదేంటి? బిడ్డను పాత గుడ్డలో చుట్టి, తల్లి కళ్ళబడకుండా ట్రేలో పెట్టి తీసుకుపోతారు. మగవాళ్ళనెవరినో పిలిచి చేతికిస్తారు. తల్లికి చూపించకపోవడమే దయ అనుకుంటారు. ఆ రోజు నా దగ్గర చదువుకుంటున్న ఒక అమ్మాయి, మూడో సంవత్సరం పిల్ల, ఆ తల్లి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది, "అక్కా, పాపను చూస్తావా?" అని. స్టాఫ్ నర్సు కసిరింది. తల్లి తల ఊపింది. పాపను తుడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, చేతికిచ్చాం. ఆమె బిడ్డ చెవులు చూసింది, వేళ్ళు లెక్కపెట్టింది. "మా అమ్మ పోలిక" అంది. వాళ్ళత్త వచ్చి నుదుట పసుపు పెట్టి, "చెంగాలమ్మా, నీ దగ్గరికే పంపిస్తన్నాం తల్లీ" అంది. సూళ్ళూరుపేట చెంగాలమ్మ ఈ తీరంలో అందరికీ తల్లి కదా, రాకెట్ వదిలే ముందు శ్రీహరికోట పెద్ద సైంటిస్టులు కూడా వెళ్ళి దణ్ణం పెట్టుకుంటారు. ఇదంతా పది నిమిషాల పని. మందు లేదు, మెషీన్ లేదు, ఖర్చు లేదు. మూడు నెలల తర్వాత ఆ అమ్మాయి ఓ.పి.కి వచ్చి ఆ విద్యార్థిని పేరు అడిగింది. పాపకు ఇంట్లో ఆ పేరే పెట్టి పిలుచుకుంటున్నారట.

ఆ విద్యార్థినికి దేవుడి మీద నమ్మకం లేదు. వాళ్ళ నాన్న హేతువాద సంఘంలో మనిషి. అందుకే నేను ఎప్పుడూ అంటాను, ఈ పనికి భక్తి అక్కర్లేదు, శ్రద్ధ కావాలి.

ఇప్పుడు "కర్మ" సంగతి. మూడోసారీ ఆడపిల్ల పుడితే "ఏం చేస్తాం, నీ రాత" అనే నర్సులున్నారు. క్యాన్సరొచ్చిన ఆమెతో "పూర్వజన్మలో ఏం చేశావో" అన్న ఆయమ్మను నా చెవులతో విన్నాను. 2000 ఆ ప్రాంతాల్లో మన తడ చెక్‌పోస్టు దగ్గర హైవే మీద లారీలు బారులు తీరి ఆగేవి. భర్త నుంచి హెచ్.ఐ.వి. వచ్చిన ఆడవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఎన్ని మాటలు పడ్డారో మీలో పాత కార్యకర్తలకు తెలుసు. రెండు జతల గ్లవుజులు వేసుకుని, చాప ముక్క మీద కూర్చోబెట్టి, కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో రాసిన రోజులవి. ఇప్పుడు 2017 చట్టం ఉంది, వివక్ష చూపకూడదని చెబుతోంది. చట్టం నోటి మాటను అంత తొందరగా మార్చదు. రోగి తనంతట తాను "నా కర్మ" అనుకుంటే దాంతో వాదన పెట్టుకోవద్దు, అది ఆమె బతుకుని అర్థం చేసుకునే తీరు, కొన్నిసార్లు అదే ఆమెకు ఊతం. నర్సు నోట ఆ మాట వస్తే మాత్రం అది తీర్పు. ఒకే మాట, చెప్పే నోటిని బట్టి ఊతమూ అవుతుంది, కొరడా అవుతుంది. శిక్షణలో నేను పిల్లలకు పెట్టే మొదటి నిబంధన ఇది: రోగి జబ్బుకు అర్థం చెప్పే అధికారం మనకు లేదు.

దెబ్బలతో వచ్చిన ఆడవాళ్ళ విషయంలోనూ ఇంతే. "మెట్ల మీద పడ్డాను" అంటుంది. గాయం చూస్తే మెట్లకు అలా తగలదు. కుట్లు వేసి, "సర్దుకుపోమ్మా, దేవుడున్నాడు" అని పంపిస్తే అది ఆధ్యాత్మిక సేవ కాదు, కొట్టినవాడికి సేవ. మన జిల్లా ఆడవాళ్ళు 1992లో దూబగుంటలో సారా మీద తిరగబడినప్పుడు దేవుడు చూసుకుంటాడని కూర్చోలేదు. (మన జిల్లా అంటున్నాను. 2022 ఏప్రిల్ నుంచి తడ తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. నా నోటికింకా అలవాటు కాలేదు, మీరు కూడా నెల్లూరనే అంటున్నారు.) 2005 గృహహింస చట్టం 7వ సెక్షన్ ప్రకారం బాధితురాలు అడిగితే ఆసుపత్రి వైద్యం ఇవ్వాల్సిందే. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగడం, చెప్పింది చెప్పినట్టు రాయడం, రక్షణాధికారి సంగతి చెప్పడం సంపూర్ణ సేవలో భాగం.

దర్గాలు, గుళ్ళ దగ్గర మానసిక రోగుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన వైపు ఏ.ఎస్. పేట దర్గాకు ఎంతోమందిని తీసుకొస్తారు. అందులో ఆడవాళ్ళు చాలామంది. కాన్పు తర్వాత మతి చలించిన బాలింత, మొగుడు వదిలేస్తే మాట మానేసిన అమ్మాయి. దయ్యం పట్టిందంటారు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరున్న ఒక ఆశ్రయంలో మంటలంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు, పారిపోలేకపోయారు. ఆ తర్వాత చాలామంది అన్నారు, ఇలాంటి చోట్లన్నీ మూసెయ్యాలని. గొలుసులు మాత్రం ఖాయంగా పోవాలి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రూపంలోనూ గొలుసు వెయ్యకూడదని చెబుతోంది. జనం మాత్రం దర్గాకు వెళ్ళడం మానరు. ఎందుకంటే అక్కడ వాళ్ళను ఎవరూ విసుక్కోరు, వారాల తరబడి పడుకోనిస్తారు, చీటీ అడగరు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో "దవా, దువా" అని ఒక పద్ధతి పెట్టారు. దర్గాలోనే మానసిక వైద్యుల క్లినిక్. ముజావర్లకే శిక్షణ ఇచ్చారు, ఏ రోగిని పక్క గదిలోకి పంపాలో. దువా చేసిన చేత్తోనే మందు చీటీ ఇప్పిస్తారు. ఏర్వాడిలో కూడా తర్వాత అలాంటి ఏర్పాటు వచ్చింది. మన విలేజ్ క్లినిక్‌లలో బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన అమ్మాయిలు పనిచేస్తున్నారు కదా, వాళ్ళకు ఈ పని నేర్పొచ్చు. "దర్గాకు పోవద్దు" అన్న నర్సు మాట ఎవరూ వినరు. "దర్గాకు పోయిరా అమ్మా, ఈ మాత్ర కూడా వేసుకో, నిద్ర పట్టిందో లేదో వచ్చే శుక్రవారం చెప్పు" అంటే వింటారు. తాయెత్తు కూడా అంతే. ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు తాయెత్తు, తాళి కత్తిరించి ట్రేలో పడేస్తారు, ఆ ఆడమనిషి సగం ప్రాణం అక్కడే పోతుంది. కోత పెట్టే చోటికి దూరంగా ఉంటే గాజు గుడ్డతో చుట్టి ప్లాస్టర్ వేస్తే సరిపోతుందేమో థియేటర్ సిస్టర్‌ని అడగండి. తియ్యక తప్పదంటే, ఎందుకో చెప్పి, ఆమె చేతే తీయించి, వాళ్ళమ్మ చేతికివ్వండి.

చావు దగ్గర నర్సు ఏం చెయ్యాలన్నది మనం అసలు నేర్పం. సిసిలీ సాండర్స్ అనే ఆవిడ ముందు నర్సు, నడుం నొప్పితో ఆ పని చెయ్యలేక ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త అయింది, తర్వాత చదివి 1957లో డాక్టరయింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్ పెట్టింది. నొప్పి అంటే ఒంటిది ఒక్కటే కాదు, మనసుది, కుటుంబానిది, డబ్బుది, ఆత్మది అన్నీ కలిసిన మొత్తం నొప్పి అని ఆమె చెప్పింది. కేరళలో 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలుపెట్టిన పని ఊరూరికీ పాకింది. ఇంటింటికీ వెళ్ళేది నర్సులు, వాళ్ళ వెంట ఊళ్ళో వలంటీర్లు. 2008లో ఆ రాష్ట్రం దానికో విధానమే చేసింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ ఆధ్వర్యంలో పాలియేటివ్ విభాగం నడిచింది, నర్సులకు అక్కడ శిక్షణ ఇచ్చారు. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. నొప్పికి మార్ఫిన్ ఇవ్వకుండా భగవద్గీత క్యాసెట్ పెట్టడం క్రూరత్వం. మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ దొరక్క మన జనం ఏళ్ళ తరబడి అరిచి అరిచి చచ్చారు. 2014లో చట్టం సవరించాక దారి కొంత సుగమమైంది, అయినా జిల్లాల్లో ఎన్ని చోట్ల దొరుకుతుందో మీరే వెళ్ళి అడగండి. నొప్పి తగ్గితేనే మనిషి దేవుణ్ణి తల్చుకోగలడు, కొడుకుతో మాట్లాడగలడు, అప్పు ఎవరికెంతో చెప్పగలడు.

కరోనా కాలం గుర్తుందా? 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, శవాన్ని ముట్టుకోకుండా మంత్రాలు చదవొచ్చు, పవిత్ర జలం చల్లొచ్చు, మొహం చూపించొచ్చు అని. ఆ సంగతి తెలియకనో, భయంతోనో, ఎన్నోచోట్ల నల్ల సంచీలో చుట్టి పంపేశారు. తండ్రి మొహం చూడని పిల్లలు ఇప్పటికీ నిద్ర లేచి ఏడుస్తున్నారు. ఫోన్ పట్టుకుని వీడియోలో చూపించిన నర్సులు కూడా ఉన్నారు, వాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు.

నర్సుల గురించి కూడా మాట్లాడాలి కదా. "సిస్టర్", "సేవామూర్తి", "దేవత" అంటారు. జీతం అడిగితే "ఇది వ్యాపారమా, సేవ కదా" అంటారు. ఈ ఆధ్యాత్మికం పేరుతో నర్సులకు శిక్షణ పెడతామని వచ్చే యాజమాన్యాలను నేను మొదట అడిగే ప్రశ్న, జీతమెంత ఇస్తున్నారు, రాత్రి డ్యూటీకి ఎంతమందిని పెడుతున్నారు, సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకుని బాండు రాయించుకున్నారా అని. 1946లో భోర్ కమిటీ లెక్క ప్రకారం 43 వేల మందికి ఒక నర్సు. ఇప్పుడు కాలేజీలు వీధికొకటి వచ్చాయి, నర్సుల కొరత పోయిందా అంటే పోలేదు, జీతాలు లేక విదేశాలకు పోతున్నారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు కనీసం 20 వేలు ఇవ్వాలంది, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. మీలో ప్రైవేటులో పనిచేసే వాళ్ళు చేతులెత్తండి, ఎంతమందికి వస్తోంది? చూశారుగా. పన్నెండు గంటలు నిలబడి, టాయిలెట్‌కి వెళ్ళే తీరిక లేని మనిషిని తోటి మనిషి ఆత్మను చూడమనడం అన్యాయం. ధ్యానం క్లాసు పెట్టి ఆ అలసటను నర్సు మనసులోని లోపంగా చూపించడం ఇంకా అన్యాయం. కాన్పుల గదిలో కొట్టే నర్సును నేను సమర్థించను. ఆమె ఒక్కతే ఆ రాత్రి తొమ్మిది కాన్పులు చేసిందన్న సంగతి కూడా రిపోర్టులో రాయమంటాను.

ఇక నేర్పడం ఎలా? అమెరికాలో 1996లో క్రిస్టినా పుకాల్స్కీ అనే డాక్టరు నాలుగు ప్రశ్నల పద్ధతి తయారుచేసింది. మీ విశ్వాసం ఏమిటి, అది మీకెంత ముఖ్యం, మీకు తోడుగా ఉండే సమూహం ఏది, మేం ఏం చెయ్యాలి. మంచి పద్ధతే. దాన్ని అలాగే తెలుగు చేసి అడిగితే మన దగ్గర జరిగేది వేరు. "మీ విశ్వాసం ఏంటి?" అనగానే మనిషి బెదిరిపోతాడు, మతం రాసుకుంటున్నారు, రేషన్ కార్డు పోతుందేమో అనుకుంటాడు. మేం ఇక్కడి జనంతో మాట్లాడి మార్చుకున్నాం. "భయమేసినప్పుడు ఎవర్ని తల్చుకుంటావమ్మా?" అని అడుగుతాం. ఒకామె "ఏసయ్యని" అంది, ఒకామె "మా గంగమ్మని" అంది, ఒక పెద్దాయన "నా పడవని" అన్నాడు. వేనాటి దర్గా పేరు చెప్పినవాళ్ళలో హిందువులూ ఉన్నారు. రెండో ప్రశ్న, "పక్కన ఎవరుంటే ధైర్యం?" దీనికి ఆడవాళ్ళు భర్త పేరు చెప్పడం తక్కువ, అది రాసుకోండి. మూడోది, "మేం చెయ్యకూడనిది ఏమన్నా ఉందా?" ఈ మూడో ప్రశ్నకు జవాబులే ఎక్కువ పనికొస్తాయి. మాయను చెత్తబుట్టలో వెయ్యొద్దంది ఒక యానాది అమ్మాయి, వాళ్ళ పద్ధతి ప్రకారం పూడ్చుకుంటారు. చీకటి పడ్డాక సూది వెయ్యొద్దన్నది ఒకామె. అది కుదరదని చెప్పి, ఎందుకు కుదరదో వివరించాం, ఒప్పుకుంది. అన్నిటికీ తలూపమని కాదు. అడిగి, విని, కుదరనిది కుదరదని మర్యాదగా చెప్పమని.

మిగతా శిక్షణ అంతా అభ్యాసమే. ఐదు నిమిషాలు రోగి పక్కన ఏమీ చెప్పకుండా కూర్చోవడం నేర్పుతాం. ఎంత కష్టమో మీరు మధ్యాహ్నం చూస్తారు, రెండో నిమిషానికి ప్రతి ఒక్కరూ దిండు సర్దడం మొదలుపెడతారు.

చివరిగా ఈ మండలం సంగతి. ఇరకం దీవి నుంచి వచ్చిన ఆశా అక్కలు ముగ్గురు ఇక్కడున్నారు. ఇన్నేళ్ళుగా వాళ్ళకు భీమునివారిపాళెం వరకు పడవే దారి. నొప్పులొచ్చిన మనిషి పడవలో, గాలి ఎదురైతే ఎంతసేపు పడుతుందో చెప్పలేం, ఎండాకాలం నీళ్ళు ఇంకిపోతే బురద. ఆ పడవలో పక్కన ఎవరు కూర్చోవాలి, వాళ్ళకు ఏం నేర్పాలి, చీకట్లో భయపడే మనిషికి ఏం చెప్పాలి, దారిలోనే కాన్పయితే ఏమేం ఉండాలి సంచీలో, ఒడ్డున అంబులెన్స్ ఉందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి. ఇవి ఒక కాగితం మీద రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇవ్వాలని మన సంఘం అనుకుంటోంది. కాన్పు గదిలో తోడు మనిషి ఉత్తర్వు గోడ మీద తెలుగులో, తమిళంలో అతికించమని అడగాలి, ఈ సరిహద్దులో రెండూ కావాలి. మార్చురీ పక్కన చనిపోయిన వాళ్ళ బంధువులు కూర్చోవడానికి ఒక రేకుల షెడ్డు, ఒక కుళాయి అడగాలి.

భోజనాల తర్వాత నాలుగు గుంపులుగా కూర్చుందాం. ఇరకం వాళ్ళకు సాయంత్రం పడవ ఉంది కాబట్టి వాళ్ళ గుంపు ముందు మాట్లాడుతుంది. ఈలోగా నన్ను అడగాల్సినవి అడగండి.